ముందు తీయాల్సిన పెట్టె

నాన్న పోయిన మూడో వారంలో, వైశాలి కాలనీలో అమ్మానాన్నలుండే ఇల్లు ఖాళీ చేయడానికి కూర్చున్నాను. అమ్మ ఇక నాతోనే ఉండాలని అనుకున్నాం. ఢిల్లీలో ముఖర్జీ నగర్ దగ్గర నేనుండేది కింది అంతస్తు, ఆమెకు మెట్లెక్కే బాధ ఉండదు. వాళ్ళిద్దరికీ ఉన్న సామాను తక్కువ: మూడు నల్ల ఇనప ట్రంకులు, ఒక నవారు మంచం, వంటగిన్నెలు, నాన్న కుర్చీ. ఒక పూట పని అనుకున్నాను. మొదటి ట్రంకు మూత ఎత్తగానే ఆ పూట అక్కడే ఆగింది. మూత లోపలివైపు మైదా జిగురుతో అంటించిన కాగితం, దానిమీద నాన్న చేతిరాతలో లోపలి వస్తువుల జాబితా. ప్రతి వస్తువు పక్కనా చిన్న వాక్యం. "దుప్పట్లు, ముందు తీయాలి." "ఇత్తడి గిన్నెలు, ముందు పెట్టాలి, చివర తీయాలి." "అమ్మడి పుస్తకాలు, ముందు తీయాలి, లేకపోతే అలుగుతుంది." జాబితా మొత్తంలో 'ముందు' అనే మాట ఎక్కడా ఒంటరిగా లేదు. పక్కన ఏదో ఒక క్రియ తప్పకుండా ఉంది. నాన్న ఆ మాటను ఒంటరిగా రాయడం ఎందుకు మానేశారో తెలిసినవాళ్ళం ఇప్పుడు ముగ్గురమే మిగిలాం. నేను, అమ్మ, రాజయ్య.

మా నాన్న వైమానిక దళంలో పనిచేస్తారని బళ్ళో చెప్తే పిల్లలు దగ్గరికి జరిగేవాళ్ళు. స్టోర్స్‌లో సార్జెంట్ అనగానే మళ్ళీ దూరం జరిగేవాళ్ళు. నాకు అప్పట్లో అది చిన్నతనంగా ఉండేది. ఒకసారి ఆ మాట నాన్నతో అనేశాను. ఆయన కోప్పడలేదు. యుద్ధవిమానం ఎక్కడికైనా ఎగిరి వెళ్ళగలదు, కానీ దిగినచోట మళ్ళీ ఎగరాలంటే దానికి ఏమేం కావాలో చెప్పమన్నారు. పెట్రోలు అన్నాను. ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పడం మొదలుపెట్టారు: చక్రాల కింద పెట్టే దిమ్మలు, పైలట్ దిగడానికి నిచ్చెన, అరిగిన చక్రం స్థానంలో ఇంకో చక్రం, వేగం తగ్గించడానికి తోకలోంచి విప్పిన గొడుగు బదులు మడిచిపెట్టిన ఇంకో గొడుగు, జాకీలు, గాలి సిలిండర్లు, పానాలు, ఆ పానాలు పట్టే మనుషులు, వాళ్ళకు దుప్పట్లు, తిండి. రెండు చేతుల వేళ్ళూ అయిపోయాయి. "ఇవన్నీ పెట్టెల్లో సర్ది ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాం. వెళ్ళమని కబురు రాగానే విమానాల వెనకే ఇవీ వెళ్ళాలి. ఇవి వెళ్ళకపోతే ఆ విమానాలు అక్కడ ఎండలో నిలబెట్టిన సామాను, అంతే," అన్నారు. ఆ పెట్టెల బృందాన్ని వాళ్ళు ఫ్లై-అవే కిట్ అనేవాళ్ళు. మా ఇంట్లో 'కిట్టు' అనే ఒక మనిషి ఉన్నట్టే వ్యవహారం నడిచేది. కిట్టుకి ఇవాళ తనిఖీ, కిట్టు పెట్టెలకు రంగు వేయాలి, కిట్టు వల్ల సెలవు దొరకలేదు.

యమున అవతల, ఘజియాబాద్ వైపు, స్థావరానికి ఆనుకుని మా క్వార్టర్. రెండు గదులు, వెనక చిన్న వంటగది, ముందు మట్టి జాగా. డెబ్బై ఒకటి యుద్ధం అయిపోయి కొన్నేళ్ళయినా కిటికీ అద్దాల మూలల్లో అప్పటి నల్లకాగితం ముక్కలు అంటుకునే ఉండేవి. పొద్దున ఆరింటికి అమ్మ అంగీఠీ బయటపెట్టి బొగ్గులు రాజేసేది. ఆ పొగ, నాన్న యూనిఫారానికి పెట్టిన గంజి వాసన, బూట్ల పాలిష్, ఆయన చొక్కాలకు ఎన్ని ఉతుకులు ఉతికినా వదలని విమానాల కిరసనాయిలు వాసన, ఇవన్నీ కలిసి మా ఇల్లు. విమానాలు లేచే వేళల్లో ఏ మాటా వినపడేది కాదు. స్థావరంలో ఉండే ఇళ్ళన్నిటికీ ఒక అలవాటు ఉండేది. చప్పుడు మొదలవగానే మాట్లాడేవాళ్ళు వాక్యం మధ్యలో ఆగిపోయేవారు, అది దాటిపోగానే సరిగ్గా ఆగిన మాట దగ్గర్నుంచి అందుకునేవారు. మా అమ్మ తిట్లు కూడా అలాగే ఆగి మళ్ళీ అందుకునేవి. మధ్యలో తప్పించుకుపోదామంటే కుదిరేది కాదు.

ఇంటి సామానుకి కూడా కిట్టు నియమాలే. మంచాల కింద మూడు ట్రంకులు, ఒక్కోదాని మూత లోపల జాబితా. బదిలీ అయితే దిగిన ఊళ్ళో మొదటి గంటలో ఏం కావాలో అది పైన, మొదటి రోజు కావాల్సింది దాని కింద, మొదటి వారం కావాల్సింది అడుగున. పైన ఎప్పుడూ ఒకే వస్తువులు: స్టవ్, అగ్గిపెట్టె, పాలగిన్నె, ఒక దుప్పటి. అమ్మ అప్పుడప్పుడూ విసుక్కునేది. "చీర కావాలన్నా జాబితా చూసుకోవాలి ఈ ఇంట్లో. ఎక్కడైనా ఉందా ఈ చోద్యం?" అనేది. "జాబితా చూస్తే దొరుకుతోంది కదా," అనేవారు నాన్న, పేపర్లోంచి తలెత్తకుండా.

రాజయ్య నాన్న కింద పనిచేసే కార్పొరల్. కరీంనగర్ దగ్గర పల్లెటూరు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. మాది తెనాలి వైపు. ఆ విభాగంలో తెలుగువాళ్ళు వీళ్ళిద్దరే. ఆదివారం మధ్యాహ్నం రాజయ్య మా ఇంట్లోనే తినేవాడు. అమ్మను అక్కా అనేవాడు, నాన్నను ఇంట్లో కూడా సార్ అనే అనేవాడు. అమ్మకూ అతనికీ మధ్య భాష మీద ఎప్పుడూ తగువే. ఆనపకాయ అంటే ఏమిటని అమ్మ, సొరకాయ అంటే సొరచేపా అని అతను. ఒక ఆదివారం అతను వంటింటి గుమ్మంలో నిలబడి ఏదో చెప్తూ ఉంటే అమ్మ కంచం చేతికిచ్చి, "కబుర్లు తర్వాత, నువ్వు ముందు కూర్చో రాజయ్యా," అంది. అతను కంచం పట్టుకుని ఇల్లంతా దాటి వీధి గుమ్మం ముందుకు వెళ్ళి మట్టిలో పీట వేసుకుని కూర్చున్నాడు. నీళ్ళు తీసుకెళ్ళిన నేను చూసి అమ్మను పిలిచాను.

"ఇక్కడెందుకు కూర్చున్నావయ్యా ఎండలో?"

"నువ్వే అంటివి గదక్కా, ముందు కూసో అని."

"ముందు అంటే ఇంటి ముందా? మొదట కూర్చోమని!"

"గట్లయితే ముందుగాల కూసో అనాలె. ముందు అంటే ముంగట అనుకున్న."

కంచం ముందు కూర్చున్న నాన్నకు నవ్వీ నవ్వీ పొలమారింది. ఆ తర్వాత చాలా ఆదివారాలు అదే వేళాకోళం నడిచింది. అమ్మ "ముందు తిను" అంటే అతను "ముంగటనా, ముందుగాలనా అక్కా?" అనేవాడు. మాకు హెచ్చరిక అందింది. మేం దాన్ని నవ్వుకోవడానికి వాడుకున్నాం.

ఆ ఏడాది వానాకాలం చివర, ఒక మధ్యాహ్నం నాన్న భోజనానికి వచ్చి పెరుగన్నం కలుపుకుంటూ ఉండగా సైరన్ మోగింది. చేయి కడుక్కుని సైకిలెక్కారు. మూడు రోజుల తర్వాత గాని రాలేదు. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు నాన్న తర్వాత రాసిన సంజాయిషీ వల్ల పూర్తిగా తెలిసింది. ఎందుకంటే దాన్ని ఇంగ్లీషులో శుభ్రంగా తిరగరాసింది నేనే. తొమ్మిదో తరగతిలో నా చేతిరాత ఆయన చేతిరాత కంటే బాగుండేది.

అది యుద్ధం కాదు, విన్యాసం. ఆరు విమానాలు పడమటి సరిహద్దు దగ్గర ఒక ఖాళీ రన్‌వే మీద దిగి, ఇచ్చిన వ్యవధిలో ఇంధనం నింపుకుని మళ్ళీ లేవాలి. అక్కడ ఇంధనం బండి ఒక్కటే ఉంటుంది, మిగతాదంతా కిట్టు తీసుకెళ్ళాలి. కిట్టును మోయడానికి రెండు పెద్ద రవాణా విమానాలు రావాల్సింది, ఒక్కటే వచ్చింది. టైపు చేసి ఉంచుకున్న ఎక్కింపు జాబితాలు రెండు విమానాలకు లెక్కవేసినవి, ఇక పనికిరావు. నాన్న సుద్దముక్క తీసుకుని పెట్టెల మధ్య తిరుగుతూ ఏది వెళ్ళాలి, ఏది ఆగాలి, ఏ వరసలో ఎక్కాలి అని గుర్తులు పెట్టుకుంటూ పోయారు. హర్యానా మనుషులూ మలయాళీలూ మోసే పెట్టెల మీద అంకెలు వేశారు. రాజయ్య నిలబడ్డ వైపు నాలుగు పెట్టెల మీద మాత్రం తెలుగులో రాశారు. అలా రాయకూడదు. రాయడం ఆయనకు ఇష్టం. ఢిల్లీలో మాకు తెలుగక్షరం కనపడటమే అరుదు. ఎప్పుడైనా ఒక పెట్టె మీద 'జాగ్రత్త' అనో 'బరువు' అనో రాస్తే రాజయ్య మొహం విచ్చుకునేదట. అందుకోసం రాసేవారు. ఆ రోజు నాలుగో పెట్టె మీద 'ముందు' అని రాశారు. ఆ పెట్టెలో ఇంధనం గొట్టానికీ విమానానికీ మధ్య బిగించే ఇత్తడి ముక్కలు ఉన్నాయి. కొబ్బరిచిప్ప అంత ఉంటుంది ఒక్కొక్కటి. అది లేకపోతే బండి నిండా ఇంధనం ఉన్నా ఒక్క చుక్క విమానంలోకి వెళ్ళదు. దిగగానే ముందుగా బయటికి రావాల్సిన పెట్టె అదే, కాబట్టి అన్నిటికంటే చివర ఎక్కాలి. నాన్న ఉద్దేశం అది.

ఆ రవాణా విమానం తోకవైపు నుంచి తెరుచుకుంటుంది. మొదట ఎక్కిన పెట్టె ముక్కు దాకా వెళ్తుంది, చివర ఎక్కినది తలుపు దగ్గర ఉంటుంది. రాజయ్య 'ముందు' చదివాడు. విమానం పక్కన నిలబడ్డ మనిషికి విమానం ముందుభాగం ముక్కువైపే. పెట్టెను తీసుకెళ్ళి ముక్కు దగ్గర పెట్టి తాళ్ళు బిగించాడు. దానిమీదా దాని వెనకా మిగతావన్నీ ఎక్కాయి. సరిహద్దు దగ్గర ఆరు విమానాలూ చక్కగా దిగాయి. ఇంధనం బండి వచ్చి నిలబడింది. ఇత్తడి ముక్కల పెట్టె కోసం రవాణా విమానం మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది. వ్యవధి గడిచిపోయింది. ఆ ఆరూ ఆ రోజు లేవలేదు. నిజంగా యుద్ధమే అయితే అవి నేలమీదే పోయి ఉండేవని ఎవరూ నాన్నకు చెప్పనక్కర్లేదు.

నాన్న ఇంటికొచ్చిన సాయంత్రమే రాజయ్య వచ్చాడు. గుమ్మం దాటలేదు. అమ్మ లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. విచారణలో పెట్టెను అక్కడ పెట్టిందెవరని మొదటి ప్రశ్న వస్తుంది. అతని రికార్డులో అప్పటికే ఒక మందలింపు ఉంది. ఇంకొకటి పడితే, ఆ ఏడాది ముగియాల్సిన అతని సర్వీసు పొడిగింపు లేకుండా ముగిసిపోతుంది. ఇదంతా మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళారు.

"నిన్ను ఏమడిగితే దానికి నిజం చెప్పు. పెట్టె మీద ఏం రాసి ఉందంటే చెప్పు. ఎవరు రాశారంటే నా పేరు చెప్పు."

"సార్, పెట్టింది నేనే గద."

"రాసింది నేను. పో, వెళ్ళి పడుకో. రేపు డ్యూటీకి గడ్డం గీసుకుని రా, ఇలా రాకు."

అతను వెళ్ళాక ముగ్గురం వంటింట్లోకి వచ్చాం. అమ్మ అంది, "అనుమానం వస్తే అడగొచ్చుగా వాడు? నోరు లేదా?" నాన్న నా నోటుపుస్తకంలోంచి కాగితం చింపమని నాకు సైగ చేశారు. అప్పుడన్నారు, "వాడికి కొద్దిగా ముందే ఇంకొకడు ఏదో అడగబోయాడు. సవాల్ మత్ పూఛో, ఉఠావ్, ప్రశ్నలొద్దు ఎత్తు అని అరిచాను. పక్కనే ఉన్నాడు వీడు. ఇంట్లో పిలిచి అన్నం పెడతాం, అక్కడ నోరెత్తనివ్వను. వాడు అడగలేదంటే నేను అడగదగ్గ మనిషిని కాదన్నమాట."

ఆ మాట కూడా సంజాయిషీలో రాయించారు. నాకు ఇంగ్లీషు రాయడంలో తడబాటు లేదు గాని, ఆ వాక్యం దగ్గర పెన్ను ఆగింది. ఇది రాయడం అవసరమా నాన్నా అని అడిగాను. "జరిగిందా లేదా?" అన్నారు. రాశాను. ఇంకో వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. చదివినవాడు సరిగ్గానే చదివాడు, రాసిన మాటే తప్పు. నాన్నకు ఆ ఏడాది రావాల్సిన ప్రమోషన్ రాలేదు. ఆయన కంటే వెనక చేరినవాళ్ళు వారంట్ ఆఫీసర్లయ్యారు. ఆయన రికార్డులో మందలింపు పడింది. రాజయ్య రికార్డులో ఏమీ పడలేదు. ఒక పై అధికారి పిలిచి, కార్పొరల్ పేరు రాసి ఉంటే నీకు ఇంత జరిగేది కాదు గదా అన్నాడట. అది నాన్న మాకు చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

నేను చెప్పదలుచుకున్నది ఆ మందలింపు గురించి కాదు, దాని తర్వాత నెలల గురించి. నాన్న మౌనంగా అయిపోతారని, ముభావంగా తింటారని అమ్మ భయపడింది. అలా జరగలేదు. తర్వాతి ఆదివారం పొద్దున్నే ఆయన మా ఇంటి ముందు మట్టి జాగాలో సున్నంతో పొడుగ్గా ఒక గీత గీశారు. టేపు పెట్టి కొలిచి, ఇంకో వైపు ఇంకో గీత. రవాణా విమానం లోపలి వెడల్పు అది. ఒక కొసన సున్నంతో 'ముక్కు' అని, రెండో కొసన 'తలుపు' అని రాశారు. తర్వాత ఇంట్లోని ట్రంకులు, బియ్యం డబ్బా, మడత కుర్చీలు, కుట్టుమిషను, అన్నీ బయటికి తెప్పించారు. అమ్మ, నేను, రాజయ్య మోసేవాళ్ళం. ఆయన గడియారం పట్టుకుని నిలబడేవారు. పక్క క్వార్టర్ పంజాబీ ఆంటీ గోడ మీంచి చూసి, "భాభీజీ, ట్రాన్స్‌ఫర్ హో గయా క్యా?" అని, బదిలీ అయిందా అన్నట్టు అడిగింది. "రోజ్ హోతా హై," రోజూ అవుతూనే ఉంటుంది అంది అమ్మ, కుట్టుమిషను దించుతూ.

ఆ సున్నం గీతల మధ్య ఆయన కొత్త పద్ధతి ఒకటి తయారుచేశారు. దిగగానే బయటికి రావాల్సిన పెట్టెలకు ఎర్ర రంగు పట్టీ. రాత అవసరమైతే హిందీలో, ఇంగ్లీషులో, మాట ఒక్కటే కాకుండా వాక్యం మొత్తం. ఆ రెంటికంటే ముఖ్యమైనది మూడోది. పెట్టె ఎత్తేవాడు ఎత్తేముందు గట్టిగా ఒక ప్రశ్న అడగాలి. అడగకుండా పెట్టె కదలకూడదు. విభాగంలో ఆ ప్రశ్న హిందీలో ఉండేది: "వహా పెహ్‌లే క్యా చాహియే?" అక్కడ ముందుగా ఏం కావాలి అని. జవాబు విన్నాకే చేయి వేయాలి. మొదటి వారాల్లో మనుషులు సిగ్గుపడ్డారు. పెద్ద పెద్ద మనుషులు చిన్నపిల్లల్లా పాఠం అప్పజెప్పడం ఏమిటని గొణిగారు. హర్యానా కార్పొరల్ ఒకడు వెటకారంగా, "సార్జెంట్ సాబ్, వహా పెహ్‌లే చాయ్ చాహియే," అన్నాడు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, ఆగి, ఆలోచించి, స్టవ్, కెటిల్, టీపొడి, పాలపొడి ఒక పెట్టెలో సర్దించి దానికీ ఎర్ర పట్టీ వేయించారు. విమానంలో గంటలకొద్దీ కూర్చుని దిగిన మనిషి మొదటి అరగంటలో చేసే తప్పులు టీ తాగాక చేయడని ఆయన లెక్క. వెటకారం చేసినవాడు ఆ తర్వాత ప్రశ్నను అందరికంటే గట్టిగా అరిచేవాడట.

రాజయ్య ఆ ఆదివారాలన్నీ వచ్చాడు. మోశాడు, ప్రశ్న అడిగాడు, అన్నం తిన్నాడు. 'ముంగటనా, ముందుగాలనా' అనే వేళాకోళం మాత్రం మానేశాడు. అమ్మ కూడా మానేసింది. ముందు కూర్చో అనే బదులు "కూర్చో" అనేది, అంతే. ఒక మాట ఇంట్లోంచి అలా తప్పుకుపోవడం అప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ఇంకా కొన్ని మాటలు అలాగే తప్పుకోవడం చూస్తున్నాను. 'నాన్న వచ్చేసరికి' అనే మాట ఈ ఇంట్లో ఇక ఎవరూ వాడరు.

చలికాలంలో రెండో విన్యాసం వచ్చింది. ఈసారి పొద్దున్నే. పొగమంచు కారణంగా రవాణా విమానం ఆలస్యంగా వచ్చింది, అదీ అనుకున్న దానికంటే చిన్నది. జాబితా మళ్ళీ తారుమారైంది. నాన్న సుద్దముక్క ముట్టుకోలేదట. పెట్టెల మధ్య నిలబడి, ఒక్కొక్కడు వచ్చి అడుగుతూ ఉంటే ఒక్కొక్కడికి జవాబు చెప్పారట. ఇంట్లో మేమిద్దరం ఏ వార్తా లేకుండా కూర్చున్నాం. అమ్మ ఆ రెండు రోజులూ అక్కర్లేని ఇత్తడి సామాను తోమింది. మూడో రోజు మధ్యాహ్నం నాన్న వచ్చారు. సైకిల్ గోడకు ఆనించి, బూట్లు విప్పుకుని, నీళ్ళు తాగారు. అమ్మ గుమ్మంలో నిలబడి ఏమైందని అడగలేక చూస్తోంది.

"టీ బాగుందన్నారు," అన్నారు నాన్న.

విమానాలు లేచాయా అని నేను అడగబోతే సరిగ్గా అప్పుడే మా ఇంటి మీంచి ఒకటి లేచింది. నోరు తెరిచి ఆగిపోయాను. చప్పుడు దాటిపోయాక అడగాల్సిన పని లేకపోయింది, ఆయన నవ్వుతున్నారు. ఎర్ర పట్టీ పెట్టెను తలుపు దగ్గర్నుంచి దించింది రాజయ్యే అని, వ్యవధి ముగియడానికి ఇంకా చాలా సమయం ఉండగానే ఆరూ లేచాయని సాయంత్రం ఇతరుల నోట విన్నాం. ఎవరికీ పతకాలు ఇవ్వలేదు. మందలింపు రికార్డులోంచి పోలేదు. రాజయ్యకు పొడిగింపు వచ్చింది, తర్వాత బదిలీ వచ్చింది. నాన్న మరికొన్నేళ్ళు అదే పని చేసి, రావాల్సిన హోదా ఆలస్యంగా అందుకుని, ఎనభైల మధ్యలో రిటైరై వైశాలిలో ఈ ఇల్లు తీసుకున్నారు. అప్పుడు ఇక్కడ ఇన్ని ఇళ్ళు లేవు, మెట్రో మాట ఎవరూ ఎరగరు. ఇప్పుడు పేపర్లో విమానాలు ఎక్కడికో అంతలోనే చేరుకున్నాయని వార్త వస్తే బొమ్మలో విమానాలే ఉంటాయి. పెట్టెలు ఉండవు. నేను మాత్రం పెట్టెలనే ఊహించుకుంటాను, వాటి పక్కన ఎవరైనా అడుగుతున్నారో లేదో అని. ఇప్పుడు వాటిమీద గీతల గుర్తులుంటాయట, యంత్రం చూసి చెప్పేస్తుందట. మంచిదే. యంత్రానికి మొహమాటం ఉండదు.

ట్రంకు ముందు కూర్చున్న ఆ రోజే రాజయ్య వచ్చాడు. సర్వీసు అయ్యాక ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసి అక్కడే స్థిరపడ్డాడు. డెబ్బై దాటాయి. నాన్న కర్మకు వచ్చి ఒక మూల నిలబడి వెళ్ళిపోయాడు గాని మాట్లాడలేదు. ఈసారి సామాను తీసుకెళ్ళే రోజు ఎప్పుడని కనుక్కుని మరీ వచ్చాడు. కుర్చీలో కూర్చున్న అమ్మ అతన్ని చూసి, ఎన్నో ఏళ్ళ తర్వాత, ఆ మాట అంది.

"ముందు కూర్చో రాజయ్యా."

అతను నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా, "ముంగటనా, ముందుగాలనా అక్కా?" అన్నాడు. ఇద్దరూ నవ్వలేదు. అతను ఆమె కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. నేను టీ పెట్టి తెచ్చేసరికి మూత లోపలి జాబితా చదువుతున్నాడు, వేలు ఒక్కో వాక్యం కిందా జరుపుకుంటూ.

"బిడ్డా, నీకొక మాట చెప్పాలె," అన్నాడు. "సార్ బతికున్నప్పుడు చెప్పలేకపోయిన. ఆ పెట్టె ఎత్తినప్పుడు నాకు అనుమానమొచ్చింది. ముంగట అంటున్నడా, ముందుగాల అంటున్నడా అని. అక్క ఇంట్ల నవ్విన ముచ్చట యాదికొచ్చింది గూడ. సార్ పది అడుగుల దూరంల ఉన్నడు. అడగలే. పెట్టేసిన. తర్వాత నాకేం తెల్వనట్టు ఊకున్న. సార్ తప్పు తన మీదేసుకుంటే, అనుమానమొచ్చిందని గూడ చెప్పలే. ఇన్నేండ్లు ఆయన తిండి తిని, ఆయన పొడిగింపు తిని."

అమ్మ నా వైపు చూసింది. ఈ మాట అతనికి చెప్పాల్సింది నేనేనని ఆమె చూపు. నాన్న ఆ సాయంత్రం వంటింట్లో అన్నదంతా చెప్పాను. పక్కవాడి మీద అరిచిన సంగతి, దాన్ని నా చేత సంజాయిషీలో రాయించిన సంగతి, అడగలేదంటే నేను అడగదగ్గ మనిషిని కాదన్నమాట అన్న సంగతి. ఒక్క మాటా పెంచలేదు, తగ్గించలేదు. నాన్నకు తెలుసని, తెలిసే రాయించారని, అందుకే ఆ ప్రశ్న పుట్టిందని చెప్పాను.

"గట్లన్నడా సార్?" అన్నాడు రాజయ్య. టీ గ్లాసు నేలమీద పెట్టాడు. తర్వాత తుండుతో మొహం తుడుచుకుని లేచాడు.

కింద టెంపో వచ్చి హారన్ కొడుతోంది. డ్రైవర్ పైకొచ్చి, "ఆంటీజీ, జల్దీ కరో, నో ఎంట్రీ లగ్ జాయేగీ," అని, బండ్లను రోడ్డు మీదికి రానివ్వని వేళ అయిపోతుందన్న తొందరలో, నవారు మంచం ఎత్తబోయాడు, దగ్గరగా ఉందని. రాజయ్య అతని చేయి పట్టుకుని ఆపాడు. "రుకో భయ్యా. ఠెహ్‌రో." గది మధ్యలో నిలబడి మూడు ట్రంకులనూ, కుర్చీనీ, మంచాన్నీ, గిన్నెల మూటనూ ఒకసారి చూశాడు. వీపు నిటారైంది. నా వైపు తిరిగి, నాన్నను అడిగినట్టే గట్టిగా అడిగాడు.

"అక్కడ ముందుగాల ఏం గావాలె?"

నేను ఆలోచించాను. దారిలో రెండు గంటలు పడుతుంది. దిగేసరికి అమ్మకు నడుం వాలిపోతుంది.

"అమ్మ మంచం," అన్నాను. "అది ముందు దించాలి."

"అయితే ఆఖరుకు ఎక్కాలె," అన్నాడు రాజయ్య, వంగి మొదటి ట్రంకు పిడి పట్టుకున్నాడు. రెండో పిడి నేను పట్టుకున్నాను.